రాగిబ్ పేరు మీద పడ్డ నాలుగు వేల లైన్లు

రాగిబ్ పదకొండేళ్ళు ఒకే మాట పట్టుకుని బతికాడు: ఆ ఫైల్లో తను ఖాళీలు సర్దడం తప్ప ఇంకేమీ చేయలేదు.

కైరోలో, నస్ర్ సిటీలో, కింద మూడంతస్తులూ బట్టల దుకాణాలున్న మేడలో నాలుగో అంతస్తు ఆ ఆఫీసు. డిస్కుల డ్రైవర్లు రాయడం అక్కడి పని. డ్రైవరంటే కంప్యూటరుకీ డిస్కుకీ మధ్య కబుర్లు మోసేవాడు. ఇది రాయమని కంప్యూటరు చెబితే తీసుకెళ్ళి డిస్కుకు అందిస్తాడు. రాశానని డిస్కు అంటే తిరిగొచ్చి ఆ మాట కంప్యూటరుకు చెబుతాడు. వీడు దారిలో కాలు జారితే వీడొక్కడే పడడు, మెషిన్ మొత్తాన్ని పట్టుకుని పడతాడు.

చేరినప్పుడు రాగిబ్‌కి ఇరవై ఏడేళ్ళు. మూడో నెలలో ఒక గురువారం మధ్యాహ్నం, చేతిలో పని లేక, కుదురుగా కూర్చోవడం చేతకాక, ఆ డ్రైవర్ ఫైలు తెరిచాడు. లోపలంతా చిందరవందర. ఒక లైను మూడు ఖాళీలు వదిలి మొదలైతే దాని కింది లైను ఎనిమిది వదిలి మొదలవుతుంది. మధ్యమధ్యలో ఫిక్రీ రాసుకున్న గమనికలు. ఆ ఫైలు మొదట రాసినవాడు ఫిక్రీ. అప్పటికే ఉద్యోగం మానేసి తంతా అనే ఊళ్ళో మిఠాయి కొట్టు పెట్టుకున్నాడు. గమనికలు అరబ్బీలోనే ఉన్నాయి, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో; ఇంగ్లీషులో దొరకని అక్షరాల చోట మూడూ, ఏడూ అంకెలు గుచ్చి. కాలేజీ పిల్లలు ఫోన్లలో కొట్టుకునే మెసేజీల రాత. కొనే విదేశీయులు ఇది చూస్తే పరువు పోతుందనుకున్నాడు రాగిబ్. గమనికలన్నీ పీకేశాడు. ఖాళీలన్నీ సమం చేశాడు. ఒకే రకం లైన్లు తలోచోటా ఉంటే ఒకచోటికి చేర్చాడు. నాలుగు కొట్టేసరికి ఫైలు పెళ్ళికొడుకులా తయారైంది.

శుక్ర, శని సెలవులు గడిచి ఆదివారం పొద్దున వచ్చేసరికి ఆ ఫైలు రాగిబ్‌ది అయిపోయింది.

ఎందుకంటే ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు, ఎవరూ కాదనలేదు. ఒక లైనును చివరిసారి ఎవరు ముట్టుకుంటే ఆ లైను వాళ్ళది. మెషిన్ పడితే ఏ లైను దగ్గర పడిందో చూస్తారు. ఆ లైను పక్కన మార్పుల చరిత్రలో ఎవరి పేరుందో చూస్తారు. నేరుగా వాళ్ళ బల్ల దగ్గరికొచ్చి నిలబడతారు. విచారణ అంతటితో సరి. రాగిబ్ సర్దిన ఫైల్లో నాలుగు వేల రెండు వందల లైన్లున్నాయి. మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఒకటే పేరు.

"నేను ఖాళీలు మాత్రమే సర్దాను," అన్నాడు మొదటిసారి.

"సర్దినవాడిదే ఇల్లు, బాషా," అన్నాడు తలాత్, దొరగారూ అన్నంత వెటకారంగా. అప్పుడు పక్క బల్ల మనిషి, ఇప్పుడు మేనేజరు.

అప్పట్నుంచి ఆ ఫైలును అందరూ గుంటను తప్పుకున్నట్టు తప్పుకుని నడిచారు. ఏదైనా చిన్న మార్పు కావాలన్నా "రాగిబ్, నీ చేత్తో పెట్టెయ్, నీదేగా" అనేవాళ్ళు. పెట్టేవాడు. పెట్టిన ప్రతిసారీ పేరు ఇంకాస్త గట్టిపడేది. తోటివాళ్ళు ఫోన్ల పనిలోకి వెళ్ళారు, కార్ల పనిలోకి వెళ్ళారు, ఇద్దరు సొంత ఆఫీసులు పెట్టారు. రాగిబ్ మాత్రం ల్యాబ్ గదిలో, ఏసీ చలికి కోటు వేసుకుని, డిస్కుల ముందు కూర్చున్నాడు.

ఈ ఏడు సంగతి వేరు. భార్య నెర్మీన్‌కి సముద్రపు ఒడ్డున తన సొంతూరు పోర్ట్ సయీద్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. సెప్టెంబరులో కూతురు లుజైన్‌ని తీసుకుని వెళ్ళిపోయింది. రాగిబ్ కూడా అక్కడే ఉండి ఇంటినుంచి పని చేసుకోవచ్చని తలాత్ ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. ఆ ఫైలు అతని పేరు మీద ఉన్నంతకాలం డిస్కుల పక్కనుంచి కదలడానికి లేదు. తునీస్‌లోని తమ రెండో ఆఫీసువాళ్ళు దాన్ని తీసుకుంటామన్నారు. కాకపోతే వాళ్ళూ తెలివిగలవాళ్ళే. మెషిన్ డెబ్భై రెండు గంటలు పడకుండా నడవాలి, ఆ నడకకు ముందు ఫైలు మీద చెయ్యి పడితే ఏదో చిన్న మార్పై ఉండాలి గాని ఫైలు కడుపు కోసి ఉండకూడదు. అలా అయితే వాళ్ళది. లేకపోతే మళ్ళీ ఆరు నెలల తర్వాత మాట్లాడుకుందాం అన్నారు.

గురువారం గడువు. శుక్రవారం పొద్దున్నే సామాను బండి మాట్లాడేశాడు. మంచాలు, అల్మారా, లుజైన్ చదువుకునే బల్ల, అన్నీ అట్టపెట్టెల పక్కన సిద్ధంగా ఉన్నాయి. రాగిబ్ పది రోజులుగా ఒక గ్లాసు, ఒక కెటిల్, రెండు చొక్కాలతో గడుపుతున్నాడు.

అడ్డం ఒక్కటే. మెషిన్ పడుతోంది.

ఈ డిస్కులు మెషిన్ నడుస్తుండగానే చేత్తో లాగేసి కొత్తవి పెట్టుకునే రకం. ల్యాబ్‌లో ఆ లాగడం కోసం ఒక చిన్న పెట్టె ఉంది. నలభై సెకన్లకోసారి డిస్కుకు కరెంటు తెంపుతుంది, మళ్ళీ ఇస్తుంది. ఠక్. నలభై సెకన్లు. ఠక్. సగటున పన్నెండు గంటలకోసారి, ఆ ఠక్కుల్లో ఏదో ఒకదాని తర్వాత, తెర నల్లబడి అక్షరాలు జారేవి. చివర్లో ఎప్పుడూ ఒకటే చిరునామా. పదహార్ల లెక్కలో మూడు ఎనిమిది, మామూలు లెక్కలో యాభై ఆరు.

పాయింటరంటే చిరునామా చీటీ: ఫలానా సామాను ఫలానా ఇంట్లో ఉంది అని. చీటీ మీద సున్నా ఉంటే ఇల్లే లేదని అర్థం, దాన్నే నల్ అంటారు. లేని ఇంట్లో యాభై ఆరో మెట్టు మీద ఏముందో చూడబోయి డ్రైవర్ పడిపోతున్నాడు. ఆ చీటీ ఏదో రాగిబ్‌కి తెలుసు. డిస్కుతో జరిగే మాటలన్నీ ఉండే క్యూది అది. దాన్ని ఎవరు, ఎప్పుడు సున్నా చేస్తున్నారన్నదే తెలియలేదు. గడువుకు వారం ముందు, గురువారం నాడు, దారి పొడుగునా ఏ అడుగులో ఏం జరిగిందో రాసిపెట్టే లాగ్ లైన్లు పెట్టి చూశాడు. శుక్ర, శనివారాలు రెండు రోజులూ పడలేదు. ఆదివారం పొద్దున ఆ లైన్లు తీసేశాడు. నలభై నిమిషాల్లో పడింది.

"చూసేవాళ్ళుంటే బుద్ధిగా ఉంటున్నాడు మీ రోగి," అన్నాడు టీలు తెచ్చే మగావ్రీ బాబాయ్, పుదీనా గ్లాసు బల్ల మీద పెడుతూ.

"నన్ను చంపి గాని చావడు బాబాయ్."

తలాత్ తలుపు దగ్గరే నిలబడి చూశాడు. లోపలికి వస్తే చలి.

"యా రాగిబ్, ఎందుకంత ఆలోచన? పడే లైనుకి పైన ఒక మాట రాయి. చీటీ సున్నా అయితే వెనక్కి వచ్చెయ్. ఒక్క లైను. తునీస్ వాళ్ళు ఒక్క లైనుకి ఏమీ అనరు."

"ఎందుకు సున్నా అవుతోందో తెలియకుండానా?"

"నీకు కారణం కావాలా, పోర్ట్ సయీద్ కావాలా?"

రాగిబ్ ఆ లైను రాశాడు. పక్కనే ఒక లెక్కపెట్టే లైను కూడా పెట్టాడు, సున్నా ఎదురైనప్పుడల్లా ఒకటి కలుపుకోమని. అది పాత అలవాటు. సోమవారం పొద్దున పదింటికి నడక మొదలైంది. గురువారం పదింటికి అయిపోతుంది.

సోమవారం పడలేదు. మంగళవారం పడలేదు. బుధవారం మధ్యాహ్నం భోజనం వేళకి నెర్మీన్ ఫోను చేసింది.

"ఇంకా నిలబడే ఉందా?"

"నిలబడే ఉంది."

"దిష్టి పెట్టకు. లుజైన్ గది గోడకి చేపలు గీసి పెట్టింది నీకోసం. ఒకదానికి నీ మీసం ఉంది."

"నాకు మీసం లేదుగా."

"వస్తే పెంచుతావంట. ఇక్కడ నాన్నలందరికీ ఉన్నాయంట. ఎన్నింటికి బయల్దేరుతావు శుక్రవారం?"

"బండి తొమ్మిదికి. మంచం కట్టగానే డ్రైవరు పక్కనే ఎక్కేస్తా."

ఫోను పెట్టేసి అన్నం, పప్పు కలిపిన కొషరీ డబ్బా తెరిచాడు. ఎదురు బల్ల దగ్గర యొస్తీనా కూర్చుని ఉంది. అసియూత్ నుంచి వచ్చి ఆర్నెల్లయింది. ఏ ఫైలు చూసినా ప్రశ్నలడుగుతుంది. మొదటి వారంలోనే రాగిబ్ ఆమెను హెచ్చరించాడు: "నా ఫైల్లో ఒక్క ఖాళీ కూడా కొట్టకమ్మా, జీవితం పోతుంది." ఆమె నవ్వింది. తర్వాత చరిత్ర తెరిచి చూసి నవ్వడం మానేసింది.

"ఇంజినీరు గారూ, మీ లెక్క లైను ఎంత చూపిస్తోంది?"

"నాలుగు." రాగిబ్ తెర వైపు చూడకుండానే చెప్పాడు. "నాలుగుసార్లు పడాల్సింది. పడలేదు."

"మరి ఆ నాలుగుసార్లు డిస్కుకి వెళ్తున్న రాత ఏమైంది?"

చెంచా ఆగిపోయింది.

"ఏమవుతుంది? డిస్కు లాగేశారు కాబట్టి రాయలేదని పైకి చెబుతాడు. పైవాళ్ళు జంట డిస్కు మీద రాసుకుంటారు."

"చెప్పేది ఆ లైను తర్వాతేగా? మీరు వెనక్కి పంపించేశారుగా."

రాగిబ్ కొషరీ పక్కన పెట్టాడు. ఇద్దరూ కూర్చుని, రాయమని పంపినదీ, డిస్కు మీద నిజంగా ఉన్నదీ పక్కపక్కన పెట్టి సరిచూశారు. గంటన్నర పట్టింది. నాలుగుచోట్ల డిస్కు మీద ఏమీ లేదు. నాలుగుచోట్లా డ్రైవర్ పైకి చెప్పింది మాత్రం ఒకటే: రాశాను. జవాబు లేకుండా మిగిలిపోయిన పనులను డిస్కు లాగేసిన తర్వాత చివర్లో ఊడ్చే లైను ఒకటుంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే అంతా బాగుందనే ఊడ్చేస్తుంది.

మెషిన్ పడితే కనీసం అందరికీ తెలుస్తుంది. ఇది పడకుండా నిలబడి అబద్ధం చెబుతోంది. ఈ డిస్కులు ఏ ఆసుపత్రిలోకి వెళ్తాయో, ఏ స్కూలు మార్కుల గదిలోకి వెళ్తాయో రాగిబ్‌కి తెలియదు.

"సున్నా చేసే లైను ఎవరు రాశారు?" అంది యొస్తీనా.

"ఫిక్రీ."

"మీ పేరుందిగా."

"అన్నింటికీ నా పేరే ఉంటుంది. అది రాత కాదమ్మా, సున్నం."

"సున్నం కింద చూడొచ్చుగా."

పదకొండేళ్ళలో రాగిబ్ ఎప్పుడూ చూడలేదు. చరిత్ర అడిగినప్పుడల్లా తన పేరే వచ్చేది, తిట్టుకుని మూసేసేవాడు. ఆ రోజు మొదటిసారి తను సర్దిన గురువారానికి ముందున్న ఫైలును బయటికి తీశాడు. డిస్కు లాగేసినప్పుడు ఏం చేయాలో చెప్పే భాగానికి వెళ్ళాడు. ఫిక్రీ ఫైల్లో ముందు దారిలో ఉన్న కబుర్లన్నీ తిరిగి వచ్చేదాకా ఆగమనే లైను ఉంది. దాని కింద, అన్నిటికన్నా చివర, క్యూ చీటీని సున్నా చేసే లైను. రెంటికీ మధ్య ఆ మెసేజీల రాతలో ఒక గమనిక:

దేవుడి మీద ఒట్టు, వరస మార్చకు. దీనికి నాకు రెండు వారాలు పట్టింది.

తన ఫైల్లో సున్నా చేసే లైన్లు ఐదూ తను చేర్చినట్టే ఒకచోట, అందంగా, మొదట్లోనే ఉన్నాయి. ఆగమనే లైను వాటి కింద ఉంది. మధ్యలో ఏమీ లేదు. కబుర్లు ఇంకా దారిలో ఉండగానే చీటీ సున్నా అయిపోతోంది.

పెట్టె ఠక్ అంది. మళ్ళీ ఠక్ అంది.

"నేనే," అన్నాడు.

"ఏంటి?"

"ఖాళీలు కాదు. నేనే."

తలాత్ ఈసారి లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంతా విన్నాడు. చెడ్డవాడేం కాదు. అందుకే ఆ మాటలు ఇంకా ఇరుకున పెట్టాయి.

"పద్దెనిమిది గంటలు, రాగిబ్. పద్దెనిమిది గంటలు నోరు మూసుకుని కూర్చుంటే నువ్వు సముద్రం దగ్గర ఉంటావు. తునీస్ వాళ్ళకి కాయితం రాసిద్దాం, ఇలా ఒకటి ఉంది, చూసుకోండి అని."

"వాళ్ళు చూసేలోపు బయటికి వెళ్ళిపోతుంది ఇది. వెళ్ళాక ఎవరికి తెలుస్తుంది? పడదుగా."

"వరస మారిస్తే చాలా చోట్ల మార్చాలి. అది చిన్న చెయ్యి కాదు. వాళ్ళు తీసుకోరు. మళ్ళీ ఆర్నెల్లు. ఆ లైన్లన్నీ కొత్తగా నీ పేరు మీద పడతాయి. తెలుసా నీకు?"

"తెలుసు."

"నెర్మీన్ నన్ను చంపేస్తుంది."

"ముందు నన్ను. నీ వంతు వచ్చేసరికి అలిసిపోతుందిలే."

తలాత్ నవ్వబోయి మానేశాడు. కుర్చీ ఎక్కడిదక్కడ పెట్టి, గడువు రెండు రోజులు జరపమని అడగడానికి వెళ్ళాడు.

పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకి పిలుపు వచ్చేలోపు రాగిబ్ వరస సరిచేశాడు. పదిహేడు చోట్ల చెయ్యి పెట్టాల్సి వచ్చింది. తలాత్ చెప్పిన ఆ ఒక్క లైను తీసేశాడు. ఫిక్రీ గమనికను ఉన్నదున్నట్టు, మూడూ ఏడూ అంకెలతో సహా, తిరిగి దాని చోట పెట్టాడు. యాభై అయిదు గంటలు నడిచిన మెషిన్ని ఆపి సున్నా నుంచి మొదలుపెట్టాడు. ఠక్.

గురువారం తునీస్ వాళ్ళ కబురు వచ్చింది: గడువు జరిపారు గాని, పదిహేడు చోట్ల చెయ్యి పడ్డ ఫైలు ఆర్నెల్ల తర్వాతే అన్నారు. శుక్రవారం తొమ్మిదికి బండి చెప్పినట్టే వచ్చింది. చెప్పిన వేళకి వచ్చిన బండిని రాగిబ్ జీవితంలో అదే మొదటిసారి చూడటం. సామాను ఆపుదామంటే నెర్మీన్ ఒప్పుకోలేదు. పిల్ల పరుపు లేకుండా నేల మీద పడుకుంటోంది. మంచాలు ఎక్కాయి. అల్మారా ఎక్కింది. చదువుకునే బల్లను తలకిందులుగా కట్టారు, నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి.

"మీరు ఎక్కరా అన్నా?" అన్నాడు బండి డ్రైవరు. "పక్క సీటు మీకోసమే ఖాళీగా ఉంచాను."

"కెటిల్ ఒకటి ఉండిపోయింది, దానికి తోడుండాలి."

ఉత్త ఇంట్లో గోడ మీద అల్మారా ఉన్నచోట తెల్లటి చదరం మిగిలింది. రాగిబ్ నిలబడే టీ తాగి, ఆఫీసుకి నడిచాడు. మెషిన్ పడితే ఆ క్షణంలో దాని బుర్రలో ఏముందో తీసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఎవరో ఒకరంటే ఎవరో చెప్పనక్కర్లేదు.

సాయంత్రం నాలుగింటికి నెర్మీన్ ఫోను.

"మంచం వచ్చింది. అల్మారా వచ్చింది. కాలు విరగని బల్ల కూడా వచ్చింది. ఇంకేదో రావాలి, గుర్తు రావడం లేదు."

"నెర్మీన్..."

"నీ తప్పే అన్నావు కదా, నిజంగా నీ తప్పేనా?"

"నిజంగా నాదే."

"పదకొండేళ్ళూ వాళ్ళని తిట్టావు."

"తిట్టాను."

"సరే, గురువారం బస్సెక్కు. చేపలు వండుతా. శనివారం పంపించేస్తా. ఆర్నెల్లు ఇలాగే చేద్దాం. ఆ తర్వాత కూడా రాకపోతే గోడ మీద మీసం చెరిపేస్తుందంట నీ కూతురు."

మెషిన్ పడలేదు. శనివారం సాయంత్రానికి డెబ్భై రెండు గంటలూ నిండాయి. సరిచూస్తే రాయమన్న ప్రతి రాతా ఉండాల్సిన చోటే ఉంది. ఆదివారం తలాత్ బస్బూసా మిఠాయి పెట్టె తెచ్చాడు. అందరూ తిన్నారు. ఫైలు ఎవరు తీసుకుంటారు అని మాట వరసకు అడిగాడు. అందరూ పెట్టెలోకే చూశారు, ఇంకో ముక్క మిగిలిందేమోనని.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక యొస్తీనా రాగిబ్ బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇంజినీరు గారూ, సర్దే పనిముట్టు కొత్తది ఒకటుంది. ఒక్క మీట నొక్కితే ఫైలు మొత్తం మళ్ళీ సర్దుతుంది. ఖాళీలు మాత్రమే, వరస ముట్టుకోదు. నా మెషిన్ మీద నొక్కితే..." ఆగింది. "అన్ని లైన్లూ నా పేరు మీద పడతాయి. ఈ గురువారం మీరు వెళ్ళిపోవచ్చు. ఎవరూ కాదనరు, ఆనవాయితీ అదేగా."

రాగిబ్ ఆమె వైపు చూశాడు. పెట్టె ఠక్ అనేంతసేపు అతనికి నిజంగానే కావాలనిపించింది. ఒక్క మీట. తను నొక్కక్కర్లేదు కూడా. తల ఊపితే చాలు.

"ఎందుకు?" అన్నాడు.

"నాకు మొగుడూ పిల్లలూ లేరుగా," అని నవ్వింది.

"నాకూ పెళ్ళాం పిల్లలు లేరు, ఫైలు నెత్తిన పడ్డప్పుడు." కుర్చీ జరిపి పక్కన చోటిచ్చాడు. ఫైలు మొదటికి తీసుకెళ్ళాడు. "పేరు తర్వాత. ఈ లైను ఏం చేస్తుందో చెప్పు."

చెప్పింది. తప్పు.

"ఇది?"

సగం తప్పు.

"నువ్వు మీట నొక్కితే నా పదకొండేళ్ళు నీ నెత్తిన పడతాయి, నేను అక్కడ చేపలు తింటూ కూర్చుంటా. ముందు చదువుదాం. ప్రతి లైనూ. చివరికి వచ్చాక నీకు ఇంకా నొక్కాలనిపిస్తే నేనే మీట తుడిచి ఇస్తా."

"ఇంజినీరు గారూ, ఎన్ని లైన్లో తెలుసా?"

"నాకా? నన్నడుగుతున్నావా?"

అప్పట్నుంచి రోజూ భోజనం తర్వాత ల్యాబ్ గదిలో రెండు కుర్చీలు, రెండు కోట్లు, పుదీనా టీ రెండు గ్లాసులు. అర్థమైన ప్రతి చోటా యొస్తీనా ఒక కాగితం మీద గమనిక రాసుకుంటుంది, ఫిక్రీ రాతలోనే, అంకెలు గుచ్చి. రోజుకి నలభై లైన్లు కదిలితే గొప్ప. గురువారాలు రాగిబ్ నాలుగింటి బస్సుకి పరిగెత్తాలి కాబట్టి ఇరవైకి మించవు.

నిన్నటికి ఆరు వందల పదో లైను దగ్గరున్నారు.